కొడిసెపాల - అంకుడు

తూర్పు కనుమల యెండుటడవులలో కొడిసెపాల, అంకుడు అను రెండు మొక్కలు పెరుగును. రెండింటి ఆకులును కణుపునకు జంటగా నెదురెదుర నుండును, త్రుంచినచో పాలు కాఱును, పూవులును తెల్లనివే. హుకుంపేట ప్రక్కలనుండి మా బాలురు తెచ్చిన కొమ్మలను జూచి మేమును తొలుత పొరపడితిమి. జిగట విరేచనములకు వైద్యులు వాడునది కొడిసె పట్టయే. అంకుడు పట్ట దానికి మాఱు కాదు.

కావున కాయలను జూడుడు. రెండును సన్నని పొడుగు కాయలనే జంటగా వ్రేలాడదీయును. కొడిసెకాయల కొనలు మొదటినుండియు విడివిడిగా నుండును. అంకుడు కాయలు లేతవేళ కొనయొద్ద నతుకుకొనియుండి, పండిన పిమ్మట విడును. పూలకాలమైనచో, అంకుడు పూవు నడుమ తెల్లని కుచ్చు కనబడును. కొడిసె పూవున నది లేదు. కొడిసె పట్ట మిక్కిలి చేదు. అయినను, తెలియని పట్టను నమలి పరీక్షించుట మాకు సమ్మతము కాదు.

అంకుడు పనికిరానిదని పాఱవేయకుడు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఏటికొప్పాక లక్కబొమ్మలు దాని కఱ్ఱతో చేసినవే.