సౌగంధిక మార్గమున పూలలోయ

శ్రీబదరీనారాయణుని సేవింపబోవు యాత్రికులు జోషీమఠమునందు నృసింహస్వామిని దర్శించి, విష్ణుప్రయాగ దాటి, అలకనంద వెంట పాండుకేశ్వరము వైపు సాగుదురు. పాండుకేశ్వరమునకు కొంచెము ఇవతల, గోవిందఘాట్ అను తావున, తూర్పు కొండలనుండి లక్ష్మణగంగ అను ఏరు దిగివచ్చి అలకనందలో కలియుచున్నది. బదరికి పొద్దుండగానే చేరవలెనను తొందరలో తెలుగు యాత్రికులు పెక్కుమంది ఇచట దిగరు. దిగి, ఆ యేటి వెంట రెండు మూడు దినములు వెచ్చింపగలవారికి ఆరణ్యపర్వములోని ఒక ఘట్టము కన్నులయెదుట నిలుచును.

బదరికాశ్రమము పెరియాళ్వారు, తిరుమంగై ఆళ్వారు మంగళాశాసనము చేసిన దివ్యదేశము. అర్జునుడు దివ్యాస్త్రములకై ఇంద్రలోకమునకు పోయియుండగా, తక్కిన పాండవులు ద్రౌపదితో కూడ ఈ నరనారాయణాశ్రమముననే నివసించిరి. ఒకనాడు ఈశాన్యపు గాలి వేయిరేకుల పద్మమునొకదానిని తెచ్చి ద్రౌపది ముందర పడవైచెను. ఆమె దానిని కోయలేదు. నేలపై నుండి తీసికొనినది. ఈ పువ్వును ధర్మరాజునకు ఇచ్చెదననియు, ఇట్టివి మరికొన్ని తెచ్చిపెట్టుమనియు భీముని కోరినది. సౌగంధికాహరణ కథ ఇట్లు మొదలైనది. తెలుగు భారతమున ఇది నన్నయభట్టారకుడు రచించిన భాగములోనిదే.

కదళీవనమున తోక అడ్డముగా వైచి పరుండిన వృద్ధవానరుని కథ బాలురు సైతము ఎరిగినదే. భీముడు ఆ తోకను కదల్పలేక సిగ్గుపడుటతో శ్రోతలను నవ్వించి, కథకులు సాధారణముగా ముందునకు పోవుదురు. అటుపిమ్మట హనుమంతుడు తమ్మునికి దారి చూపుచు చెప్పిన మాట అంతగా ప్రచారములోనికి రాలేదు. ఆ వనమునందలి పువ్వులను తొందరపడి బలిమితో కోయవలదనియు, దేవతలు మనుష్యులకు పూజనీయులనియు, వారు హోమ నమస్కారములకును భక్తికిని ప్రసన్నులగుదురనియు ఆయన హెచ్చరించెను.

భీముడు ఆ మాట నిలుపుకొనలేదు. కుబేరుని కొలనును కాచు క్రోధవశులను రాక్షసులు, యజమానుని అడిగి తీసికొనుమనిరి. యాచించుట క్షత్రియ ధర్మము కాదనియు, కొండవాగున పుట్టిన కొలను కుబేరుని ఇంటిలోనిది కాదు గనుక అందరికిని సమానమనియు అతడు వాదించెను. వాదము వినుటకు బాగుగనే ఉన్నది. నేటికిని కొండలలో పువ్వు కోయువారు చెప్పునది ఇదియే. తుదకు అనేకులు హతులైరి. విషయము విన్న కుబేరుడు నవ్వి, ద్రౌపది కొరకు ఎన్ని కావలెనన్నను తీసికొననిమ్మనెను. ధర్మరాజు మాత్రము నవ్వలేదు. ఘటోత్కచుని సహాయమున అచటికి వచ్చి, పడియున్న కళేబరములను చూచి, ఇది దేవతలకు ప్రియము కాని సాహసమనియు, తన ప్రీతి కోరినచో మరల ఇట్లు చేయవలదనియు తమ్ముని మందలించెను. యజమాని క్షమించిన తప్పును అన్న క్షమింపక ఎత్తి చూపుట గమనింపదగినది.

గంధమాదనమున ఆ కొలను ఇదియేయని వ్రేలుపెట్టి చూపుట సాధ్యము కాదు. బదరీ మార్గమున పాండుకేశ్వరము దాటిన పిదప వచ్చు హనుమాన్ చట్టియే భీమాంజనేయుల సమాగమస్థలమని స్థానికుల విశ్వాసము. సౌగంధికముల తలంపు తెచ్చు చోటు మాత్రము గోవిందఘాట్ నుండి ఎక్కు భ్యూండార్ కనుమలోని పూలలోయ. అందు ప్రవహించు ఏటి పేరు పుష్పవతి. టిప్రా హిమానదము నుండి పుట్టి, ఘాంఘరియా చెంత హేమకుండపు ధారతో కూడి, లక్ష్మణగంగయై దిగుచున్నది.

2013 జూన్ వరదలలో ఈ మార్గము చాలవరకు కొట్టుకొనిపోగా తిరిగి నిర్మించిరి. ఇప్పుడు పుల్నా గ్రామము వరకు సుమారు 4 కిలోమీటర్లు మోటారు బండ్లు పోవును. అటనుండి ఘాంఘరియాకు 10 కిలోమీటర్ల నడక. నడువలేనివారికి గుఱ్ఱములు, డోలీలు దొరకును. ఘాంఘరియా 3,000 మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్నది. అచటినుండి లోయలోనికి గుఱ్ఱములు పోరాదు, రాత్రి నిలువరాదు. అటవీశాఖవారి అనుమతిచీటి తీసికొని ఉదయమున పోయి, పొద్దుగ్రుంకక మునుపే తిరిగి రావలెను. జూన్ 1 నుండి అక్టోబరు చివరి వరకు ద్వారము తెరచియుండును. పువ్వుల నిండుదనము జూలై నడుమ నుండి ఆగస్టు చివరి వరకు, అనగా వానలకాలముననే. తడియుటకు సిద్ధపడనివారు పోకుండుట మేలు.

ఈ లోయ సుమారు 8 కిలోమీటర్ల నిడివి, 2 కిలోమీటర్ల వెడల్పు కలది. ఐదు వందలకు పైగా మొక్కల జాతులు ఇచట ఉన్నవి. ముండ్ల కాడపై పలుచని నీలిరేకులు విప్పు గసగసాల జాతి పువ్వు ఒకటి. పడగ విప్పిన పామువలె తల వంచి నిలుచు పువ్వు వేరొకటి. దీనిని చూచినవారికి ఆదిశేషుడు తలపునకు వచ్చుటలో వింత లేదు. పైనున్న లోకపాల సరస్సు ఒడ్డున లక్ష్మణస్వామి ఆలయము కలదు, శేషాంశయగు లక్ష్మణుడు అచట తపస్సు చేసెనని ఐతిహ్యము. అది 4,000 మీటర్లకు పైనున్న తావు, నిట్రమైన ఎక్కుడు. అదే సరస్సు సిక్కులకు హేమకుండ్ సాహిబ్. ఒకే నీటి ఒడ్డున గురుద్వారమును, లక్ష్మణాలయమును ఉన్నవి.

1931లో కామెట్ శిఖరమునెక్కి తిరిగివచ్చుచు దారిలో ఈ లోయలో దిగిన ఫ్రాంక్ స్మిత్, 1937లో మరల వచ్చి, 1938లో దీనిపై గ్రంథము ప్రకటించినందున లోకమునకు తెలిసినది. అతడు కనుగొనెననుట సరికాదు. భ్యూండార్ గొఱ్ఱెలకాపరులు తరతరములుగా ఎరిగినదే. వనదేవతలు ఎత్తుకొనిపోవుదురను భయముతో కొందరు లోపలికి పోకయుండిరి. 1939లో పుష్పముల సేకరణకు వచ్చి, కాలుజారి మరణించిన జోన్ మార్గరెట్ లెగ్ అను ఆంగ్ల వనిత సమాధి నేటికిని లోయలో ఉన్నది. 1982లో ఇది జాతీయోద్యానమైనది; 2005లో యునెస్కోవారి ప్రపంచ వారసత్వ స్థలములలో చేరినది. పశువుల మేపు నిషేధించిన పిమ్మట పొలిగోనము అను ఒక మొక్క విపరీతముగా ప్రబలి తక్కిన వానిని అణచివేయుచున్నది; నిషేధమే కారణమా కాదా యని వృక్షశాస్త్రజ్ఞులలో భిన్నాభిప్రాయములున్నవి. అటవీశాఖ దానిని పెరికించుచున్నది.

ఇక బ్రహ్మకమలము. మన ఇండ్ల కుండీలలో రాత్రివేళ పూచు తెల్లని పువ్వు దీనికి సంబంధము లేని అమెరికా ఖండపు బ్రహ్మజెముడు జాతిది. హిమాలయ బ్రహ్మకమలము పద్మమును కాదు. పొద్దుతిరుగుడు కుటుంబమునకు చెందినది. పలుచని కాగితమువంటి లేతపసుపు రేకల మాటున ఊదారంగు పూగుత్తి దాగియుండును. లోకపాలము ఎక్కు దారిలో పై భాగమున రాళ్లనడుమ వికసించును. నందాష్టమి, అనగా భాద్రపద శుద్ధాష్టమి, రాకమునుపు దానిని కోయరాదని కొండవారి నియమము. అప్పటికి పెక్కు పువ్వులు విత్తు కట్టియుండును. బదరీ కేదారములలో సమర్పింపదగినదని తెలిసి పైవారు ముందుగనే కోయుటయు, కొని తెచ్చుటయు మొదలిడినపుడు ఆ నియమము సడలి, పువ్వు పలుచబడినది.

తిరుమలను పుష్పమండపమని పెద్దలు వ్యవహరింతురు. అచట రామానుజుల ఆజ్ఞపై అనంతాళ్వారు పూదోట పెంచి, స్వామికే వినియోగించెను. తిరుమలలో స్త్రీలు పూలు ముడువరు. స్వామికి సమర్పించి తీసిన మాలలను పూర్వము పూలబావిలో విడిచెడివారు. ఈ ఆచారమెరిగిన గృహస్థులకు, పూలలోయ ద్వారమున ఒక్క పువ్వును కోయవలదని అటవీశాఖవారు చెప్పు మాట కొత్తగా తోచదు.

లోయనుండి దిగివచ్చినవారు మరునాడు పాండుకేశ్వరమున యోగధ్యాన బదరిని సేవించి, హనుమాన్ చట్టిలో ఆగి, సాయంకాలమునకు బదరి చేరవచ్చును. స్వామికి పువ్వు కొరకు వెదుకనక్కరలేదు. సన్నిధివీధిలో ఘుమఘుమలాడు బదరీతులసి మాలలు అమ్ముదురు. అది మన తులసి కాదు, ఆ కొండలలో పెరుగు వేరొక పరిమళపు మొక్క. బదరీనాథునికి ప్రియమైనదని ప్రతీతి.