పొలములోని మట్టి, కడలిలోని పగడము

సముద్రతీర గ్రామమునకు హద్దు ఎక్కడ అని అడిగినచో, అలలు తాకు ఇసుక వద్ద అని చెప్పుట వాడుక. పటములోని గీత అక్కడనే ఆగును. వాన నీరు మాత్రము ఆ గీత వద్ద ఆగదు. చేనిలో కురిసిన వాన కాలువ చేరి, కాలువ ఏటిలో కలిసి, ఏరు సముద్రమున పడును. నీటితో పాటు మట్టియు పోవును. ఆ మట్టి సముద్రమున ఏమి చేయునో, దానిని ఆపుటకు ఒక గ్రామము ఏమి చేసినదో జపాను దేశములోని ఒక చిన్న ద్వీపమును ఉదాహరణగా గైకొని ఈ పాఠమున వివరింతుము.

ద్వీపము

జపానుకు నైరుతి కొనలో, తైవానుకు చేరువగా యాయెయామా దీవులు కలవు. వానిలో ఇషిగాకి ఒకటి. దీని వైశాల్యము సుమారు 220 చదరపు కిలోమీటర్లు. కర్కటరేఖకు కొంచెము ఉత్తరమున ఉండుటచే దీనిని ఉప ఉష్ణమండల ద్వీపమందురు. దక్షిణము నుండి వచ్చు కురోషియో అను వెచ్చని సముద్ర ప్రవాహము సమీపమున సాగుటచే, చలికాలమందు సైతము ఇక్కడి నీరు పగడములు బ్రతుకుటకు తగినంత వెచ్చగా నుండును. ఈ దీవుల చుట్టును 300కు పైగా పగడపు జాతులు కలవు. ప్రజలు చెరకు, అనాస, వరి పండింతురు, పశువులను పెంచుదురు, చేపలు పట్టుదురు.

తీరమున మూడు నివాసములు

నేల నుండి సముద్రము వైపు నడచినచో మూడు విధములైన జీవనివాసములు వరుసగా కనబడును.

మొదటిది మడ అడవి. ఏటి నీరు ఉప్పు నీరు కలియు చోట ఇది పెరుగును. కోరింగ మడ అడవులను చూచిన వారికి దీని స్వరూపము క్రొత్త కాదు. చెట్ల వేళ్ళు ప్రవాహపు వేగమును తగ్గించి మట్టిని నిలుపును. వాని నడుమ పీతలు, రొయ్యలు, చేపపిల్లలు పెరుగును. ఇషిగాకి పడమటి తీరమందలి నగురా అంపారు తడినేల 2005లో రామ్‌సార్ ఒప్పందపు జాబితాలో చేరినది.

రెండవది సముద్రపు గడ్డి. పగడపు దిబ్బకును ఒడ్డునకును నడుమనున్న లోతు తక్కువ నీటిని అక్కడివారు ఇనో అందురు. ఈ గడ్డి నాచు కాదు; వేరు, ఆకు, పువ్వు గల నిజమైన మొక్క. పచ్చ తాబేళ్ళు దీనిని మేయును. పూర్వము సముద్రపు ఆవులును ఇక్కడ విరివిగా మేసెడివి. ఆరగుసుకు దీవి ప్రజలు ర్యుక్యూ రాజులకు వాని మాంసమును కప్పముగా చెల్లించెడివారు. నేడు ఆ జంతువు ఈ జలములందు మిక్కిలి అరుదు.

మూడవది పగడపు దిబ్బ. పగడము రాయి కాదు, మొక్క కాదు. అతి చిన్న జంతువుల సమూహము. ఆ జంతువులు తమ చుట్టును సున్నపు గూడు కట్టుకొనును. తరతరముల గూళ్ళు పేరుకొని దిబ్బ అగును. వాని శరీరములో కంటికి కనబడని సూక్ష్మమైన ఆల్గేలు నివసించుచు, ఎండ సాయముతో ఆహారము తయారుచేసి అధికభాగము పగడమునకు ఇచ్చును. అందుచే పగడమునకు వెలుతురు సోకు తేట నీరు కావలెను. చేపలకు దాగుటకు, గ్రుడ్లు పెట్టుటకు ఈ దిబ్బయే చోటు. తుఫాను అలలు దిబ్బ అంచున విరిగి, ఒడ్డు చేరునప్పటికి బలము తగ్గును. దిబ్బ చచ్చి అరిగిపోయినచో గ్రామమునకు కూరయు కరవగును, కోటగోడయు కూలును.

మట్టి చేరిన విధము

రెండవ ప్రపంచ యుద్ధానంతరము అమెరికా పాలనలో నున్న ఈ దీవులు 1972లో జపానుకు తిరిగి చేరినవి. ఆ పిమ్మట భూమి అభివృద్ధి పనులు ముమ్మరముగా సాగినవి. యంత్రములతో మిట్టలు చదును చేసి, చిన్న కమతములను కలిపి పెద్ద చేలుగా మార్చిరి. ఇక్కడి ఎఱ్ఱనేల మెత్తనిది. ఏరులు పొట్టివి, వాలు ఎక్కువ. మే, జూను మాసములలో ముసురు వానలు, తరువాత తుఫానులు వచ్చును. వేసవి చివర చెరకు నాటదలచిన చేలు సరిగా ఆ వానలలోనే ఖాళీగా నుండును. కప్పు లేని నేలపై వాన పడినచో కొన్ని గంటలలోనే ఇనో నీరు ఎఱ్ఱబారును.

మట్టి మూడు విధముల హాని చేయును. నీటిని మసకబార్చి వెలుతురును అడ్డును. పగడముపై పడగా, దానిని తొలగించుకొనుటకు పగడము తన సత్తువను వ్యయపరచవలసి వచ్చును. రాళ్ళపై పేరుకొని పగడపు పిల్లలకు అంటుకొను చోటు లేకుండ చేయును. అడుగున చేరిన మట్టి ఒక్క వానతో పోవునది కాదు. గట్టి అల వచ్చినప్పుడెల్ల మరల లేచును.

చట్టము, గ్రామము

ఒకినావా ప్రాంత ప్రభుత్వము ఎఱ్ఱమట్టి కోతను అరికట్టుటకు 1994లో ఒక శాసనము చేసి 1995 నుండి అమలుపరచినది. పెద్ద ఎత్తున నేలను త్రవ్వు పనులపై నిబంధనలు ఏర్పడినవి. సాగులో నున్న చేల సంగతి వేరు. అక్కడ రైతు పూనుకొననిదే పని జరుగదు. పూనుకొనుటలో చిక్కు కలదు. చేని అంచున కొంత నేల విడువవలెను, కూలి పెట్టవలెను. కష్టము రైతుది, చేపలు జాలరివి. ఈ ఇద్దరును కూర్చుండి మాటలాడుకొను చోటు గ్రామసభ తప్ప మరియొకటి లేదు.

ఇషిగాకి తూర్పు తీరమందలి షిరాహో గ్రామము ఇందుకు ఉదాహరణము. నీలి పగడపు పెద్ద సమూహమునకు ఈ గ్రామపు సముద్రము పేరెన్నికగన్నది. 1979లో ఆ దిబ్బను పూడ్చి విమానాశ్రయము కట్టుటకు ప్రణాళిక వెలువడగా గ్రామము రెండుగా చీలినది. ఏండ్ల తరబడి వాదములు సాగిన పిమ్మట స్థలము మార్చిరి. క్రొత్త విమానాశ్రయము 2013లో నేల మీదనే ప్రారంభమైనది. అంతకు పూర్వమే, 2006లో, గ్రామస్థులు తమ ఊరు ఎట్లుండవలెనో నిర్ణయించుకొని ఒక నియమపత్రము వ్రాసికొనిరి. ఆ ఏడే ఇంకాచి అను పాత రాతికట్టను తిరిగి నిర్మించిరి. పోటునాడు చేపలు దానిని దాటి లోపలికి వచ్చును. పాటు తీసినప్పుడు చిక్కును. రాళ్ళ సందులు అనేక జీవులకు ఆశ్రయమగును.

చెరకు చేల అంచుల గెట్టో అను మొక్కలను వరుసగా నాటిరి. ఇది మన అల్లము, పసుపు జాతికి చెందినది. దట్టమైన దాని దుబ్బులు పారు నీటిని నెమ్మదింపజేసి మట్టిని నిలుపును. ఆకులలో బియ్యపు పిండివంటలు చుట్టి ఉడికింతురు. ఈ దీవులలో ఖాళీ చేలయందు జనుము వంటి పచ్చిరొట్ట పైరులు వేయుటయు, కార్శితోట నిలుపుటయు అనుసరించు ఇతర పద్ధతులు. నిలిచిన మట్టి మొదట రైతునకే లాభము.

గ్రామమునకు సాధ్యము కానిది

సముద్రపు నీరు మితిమీరి వేడెక్కినచో పగడము తనలోని ఆల్గేలను వెడలగొట్టి తెల్లబారును. వేడి తగ్గనిచో చచ్చును. 1998లో ఇట్లు జరిగినది. 2016 వేసవిలో ఇషిగాకి, ఇరియొమోతె దీవుల నడుమనున్న సెకిసెయి జలములలో నూటికి 90కి పైగా పగడములు తెల్లబారి, సుమారు 70 వంతులు చచ్చినవి. చేని గట్టుపై నాటిన మొక్క ఆ వేడిని ఆపలేదు. అయినను మిగిలిన పగడముల పిల్లలు మరల పాతుకొనుటకు మట్టి లేని రాయి, తేట నీరు కావలెను. అది గ్రామము చేతిలోనిది.

మన పంచాయతీలకు

మన తీరమున ఇటువంటి విశాలమైన పగడపు దిబ్బలు లేవు. గోదావరి, కృష్ణల ఒండ్రు మన మడ అడవులకు ప్రాణము. అటువంటి మట్టియే పగడమునకు మృత్యువు. కావున పరుల పద్ధతిని యథాతథముగా అనుకరింపరాదు. మన తీరమునకు ఏది హితమో మనమే కనిపెట్టవలెను. భూసార సంరక్షణ, నీటి పారుదల, మత్స్య పరిశ్రమ అను మూడును 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణచే చేర్చిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా పేర్కొనబడినవి. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థయు జీవవైవిధ్య కమిటీని ఏర్పరచవలెను. ఊరిలోని జీవజాతులను ప్రజల రిజిస్టరులో నమోదు చేయవలెను. జాలరి ఎరిగిన చేపల పేర్లును, రైతు ఎరిగిన గడ్డిజాతులును అందు చేరినప్పుడే ఆ రిజిస్టరునకు విలువ.

చర్చింపదగిన ప్రశ్నలు

1. మన గ్రామములో వాన పడినప్పుడు ఏ చేల నుండి మట్టి ఎక్కువగా కొట్టుకొనిపోవుచున్నది? అది ఏ చెరువులో, ఏ కాలువలో చేరుచున్నది?

2. తొలకరి వానలకు కప్పు లేకుండ నుండు భూమి ఎంత? అందు ఏ పచ్చిరొట్ట పైరు వేయవచ్చును?

3. గట్టున మొక్కలు నాటు రైతునకు కలుగు నష్టమును గ్రామము ఏ విధముగా పంచుకొనవలెను?