పెరటి ఆకు, వానాకాలం కూర

మా పెరట్లో రెండు చిన్న మడులు ఉన్నాయి. ఒక మడిలో గోంగూర. ఇంకో మడిలో తోటకూర, ఓ మూల పుదీనా. గోడ పక్కన కరివేపాకు చెట్టు. బావి దగ్గర మునగ చెట్టు.

ఎండాకాలంలో మడులకు నీళ్లు పెట్టడం కష్టమే. బియ్యం కడిగిన నీళ్లు, కూరలు కడిగిన నీళ్లు పారబోయం. మడులకే పోస్తాం. ఆకు బాగా వస్తుంది. తినలేనంత వస్తుంది. ఇరుగుపొరుగుకు పంచుతాం. మిగిలింది గేదెకు వేస్తాం.

మరి ఆషాఢం, శ్రావణం మాటేమిటి? ముసురు పడుతుంది. మడిలో నీళ్లు నిలిచి గోంగూర కుళ్లుతుంది. ఉన్న ఆకుకు పురుగు. సంతకు వెళ్తే చిన్న కట్ట ధర అడిగి వెనక్కి వస్తాం. ఇంక పచ్చడి మెతుకులే.

ఆకుకూర లేకపోతే ఏం పోయింది అనుకోకండి. 2019-21లో దేశమంతా కుటుంబ ఆరోగ్య సర్వే చేశారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ పదిమంది ఆడవాళ్లలో సుమారు ఆరుగురికి రక్తం తక్కువగా ఉందని తేలింది. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. కళ్లు తిరగడం. ఎప్పుడూ నీరసం. "పని ఎక్కువైంది, అందుకే" అని సరిపెట్టుకుంటాం. రక్తం పట్టాలంటే ఇనుము కావాలి. ఆకుకూరల్లో ఇనుము ఉంటుంది.

అందుకే ఎండాకాలంలోనే ఆకు ఎండబెట్టి దాచుకోవాలి. మునగాకు, కరివేపాకు, పుదీనా బాగా ఎండుతాయి. చింతచిగురు దొరికితే అదీ ఎండబెట్టవచ్చు.

పొద్దున్నే మంచు ఆరాక ఆకు కోయండి. పురుగు తిన్న ఆకు, పండిన ఆకు ఏరి పారేయండి. రెండు మూడు నీళ్లలో కడగండి. కాడలు తీసేయండి. పాత నూలు చీర పరిచి, ఆకును పలచగా ఆరబోయండి. ఒకదాని మీద ఒకటి పడితే లోపలి ఆకు నల్లబడుతుంది.

ఎక్కడ ఆరబోయాలి? ఎండలో కాదు, నీడలో. గాలి ఆడే వసారా మంచిది. ఈ మాట చెప్తే మా అత్త నవ్వింది. "నీడలో ఎండబెట్టడమేంటే పిల్లా!" అంది. ఆమె సగం ఆకు ఎండలో పోసింది. నేను సగం నీడలో పోశాను. ఆమె ఆకు గోధుమరంగుకు తిరిగింది. నాది పచ్చగానే ఉంది. ఎండ సూటిగా తగిలితే రంగే కాదు, కంటిచూపుకు మేలు చేసే ఎ విటమిన్ కూడా చాలా పోతుంది. ఇనుము మాత్రం ఎండకు పోదు.

పైన పలచని గుడ్డ కప్పండి. ఈగలు, దుమ్ము పడవు. రోజుకు రెండుసార్లు తిరగేయండి. రాత్రి ఇంట్లోకి తెచ్చేయండి. రోడ్డు పక్కన మాత్రం వద్దు. బండ్ల పొగ, దుమ్ము అంతా ఆకుకు పడుతుంది.

మంచి ఎండలు కాస్తుంటే నీడలోనూ మూడు నాలుగు రోజుల్లో ఎండుతుంది. ఎండిందని ఎలా తెలుస్తుంది? గుప్పిట్లో పట్టి నలపండి. గలగలమని పొడి కావాలి. మెత్తగా వంగితే ఇంకా తడి ఉన్నట్టే.

ఇక్కడే నేను ఓసారి తప్పు చేశాను. పెళ్లికి వెళ్లే తొందరలో, సగం ఎండిన మునగాకును దంచి సీసాలో పోశాను. నెల తిరిగేసరికి బూజు పట్టింది. పైపైన తీసేసి వాడదామనుకున్నాను. అలా చేయకూడదట. బూజు కంటికి కనిపించేది కొంచెమే. కనబడకుండా లోపలికి పాకుతుంది. కొన్ని బూజుల్లో విషం ఉంటుంది. అది వండినా పోదు. సీసా మొత్తం పారబోశాను. కిలో ఆకు ఎండితే పావు కిలో కూడా కాదు. ఎంత ఆకు కోసి ఉంటానో మీరే లెక్క వేసుకోండి.

పొడిని గాజు సీసాలో పోసి గట్టిగా మూత పెట్టండి. సీసా బాగా ఆరి ఉండాలి. వెలుతురు తగలని చోట పెట్టండి. పొయ్యి పక్కన వద్దు, ఆవిరి కొడుతుంది. తడి చెంచా ముంచకండి.

పప్పు దించే ముందు ఒక చెంచా పొడి వేయండి. రొట్టె పిండిలోనూ కలపవచ్చు. ఎండిన ఆకులో సి విటమిన్ చాలావరకు పోతుంది. అందుకని తినేటప్పుడు నిమ్మకాయ పిండుకోండి. పులుపు ఉంటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తినగానే టీ తాగితే అంతగా పట్టదు. మా ఇంట్లో ఈ మాట ఎవరూ వినరనుకోండి. ఇంకో మాట. గర్భిణులకు ఇచ్చే ఇనుము మాత్రలు మానకూడదు. ఈ పొడి మాత్రలకు బదులు కాదు.

గోంగూరకు మరో దారి ఉంది. నిల్వ పచ్చడి మీకు తెలిసిందే. కడిగిన ఆకును గుడ్డ మీద వడలేదాకా ఆరనివ్వాలి. నూనెలో నీరంతా ఇగిరేదాకా మగ్గించాలి. కిలో ఆకుకు మా ఇంట్లో పావు కిలో నూనె పడుతుంది. ఉప్పు తగ్గిస్తే పచ్చడి నిలవదు. పులుపు గిన్నెను తినేస్తుంది. కాబట్టి ఇత్తడి, అల్యూమినియం వద్దు. జాడీ మంచిది. పచ్చడి మీద నూనె తేలాలి.

మునగాకు పొడి, కరివేపాకు పొడి పక్కపక్కన పెడితే ఒక్కలాగే ఉంటాయి. మా అత్త ఎప్పుడూ మూత తీసి వాసన చూసేది. యాభై ఏళ్లు దాటాక ఆమెకు అక్షరాలు వచ్చాయి. ఈసారి చీటీలు ఆమే రాసింది. అన్నం మెతుకులతో అతికించింది. మీరూ చదవండి:

మునగాకు పొడి
దంచిన రోజు: మే 12
నీడలో ఎండింది
తడి చెంచా పెట్టొద్దు

చివరి మాట నన్ను చూసే రాసింది.