కంప్యూటరుకు వడదెబ్బ తగిలితే?

"రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి" అని మన పెద్దలంటారు. సూర్యాపేట నుంచి జనగామ వెళ్ళే దారిలో ఉన్న తిరుమలగిరి పిల్లలకు ఈ సామెతను ఎవరూ విడమరచి చెప్పనక్కర లేదు. మే నెల మధ్యాహ్నం అక్కడి బండరాళ్ళ మీద కాలు పెట్టలేం. మనుషులు వేపచెట్టు నీడకు చేరతారు. బర్రెలు చెరువులోకి దిగుతాయి. రంజనులో నీళ్ళు రోజుకు రెండుసార్లు నింపుకోవలసి వస్తుంది. మరి కంప్యూటరు ఏం చేస్తుంది? దానికి చెమట పట్టదు. నీడకు నడిచి వెళ్ళలేదు.

కంప్యూటరుకు నిజంగానే వడదెబ్బ తగిలిన సంగతి ఒకటి చెబుతాను వినండి. 2022 జులై 19న లండను నగరంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటింది. తిరుమలగిరిలో అది మామూలు వేసవి రోజే! కాని లండనులో అంత ఎండ అంతకుముందెన్నడూ నమోదు కాలేదు. ఆ రోజు అక్కడి గైస్, సెయింట్ థామస్ ఆస్పత్రుల కంప్యూటర్లు ఉన్న రెండు కేంద్రాల్లోనూ చల్లబరిచే ఏర్పాట్లు విఫలమయ్యాయి. కంప్యూటర్లు ఆగిపోయాయి. రోగికి ఇదివరకు ఏ జబ్బు చేసింది, రక్తపరీక్షలో ఏం తేలింది అనే వివరాలు తెరమీదికి రాలేదు. డాక్టర్లు, నర్సులు మళ్ళీ కాగితం, కలం పట్టుకోవలసి వచ్చింది. అంతా తిరిగి సర్దుకోవడానికి వారాలు పట్టింది.

ఇది ఎక్కడో దూరదేశపు కథ అనుకోకండి. మీరు మీసేవ కేంద్రంలో ఆదాయ ధ్రువపత్రం తీసుకుంటారు. మీ నాన్నగారి బ్యాంకు ఖాతా లెక్క, మీ పదో తరగతి మార్కులు, పొలం పత్రాలు, ఇవన్నీ ఎక్కడో ఒక గదిలో పగలూ రాత్రీ నడిచే కంప్యూటర్లలోనే భద్రంగా ఉంటాయి. ఆ గదిని చల్లగా ఉంచే యంత్రం ఎలా పనిచేస్తుంది? దాన్ని ఎలా కాపాడుకోవాలి? ఈ నెల ఆ సంగతి తెలుసుకుందాం.

వేడి ఎక్కడి నుంచి వస్తుంది?

ఇస్త్రీపెట్టె విద్యుత్తును వేడిగా మారుస్తుందని మీకు తెలుసు. కంప్యూటరు కూడా అంతే! అది లెక్కలు చేస్తుంది, బొమ్మలు చూపిస్తుంది, ఉత్తరాలు పంపిస్తుంది. కాని అది వాడుకున్న విద్యుత్తు దాదాపు అంతా చివరికి వేడిగానే గదిలో చేరుతుంది. పది కిలోవాట్ల విద్యుత్తు వాడే కంప్యూటర్ల బీరువా ఒకటి ఉందంటే, ఒక్కొక్కటి వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెలు పదింటిని ఆ గదిలో ఆపకుండా వేడి చేస్తున్నట్లే.

1946లో అమెరికాలో ప్రజలకు చూపించిన ఎనియాక్ అనే కంప్యూటరులో సుమారు 18,000 వాల్వులు ఉండేవి. వాటి వేడిని తోలెయ్యడానికి పెద్ద పంకాలు పెట్టారు. మన హైదరాబాదులో 1967లో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా 1970లలో టి.డి.సి.-312, టి.డి.సి.-316 అనే కంప్యూటర్లను తయారు చేసింది. ఆనాటి పెద్ద కంప్యూటర్లను ఏ.సి. గదుల్లో ఉంచేవారు. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళేవారు! ఇప్పుడు కంప్యూటరు చిన్నదైంది. కాని ఒక్క బీరువాలో డజన్ల కొద్దీ కంప్యూటర్లను పేర్చుతున్నాం. వేడి కూడా అక్కడే పోగవుతున్నది.

ఇంట్లో ఏ.సి. చాలదా?

చాలదు. ఎందుకో చూద్దాం.

మనుషులు కూర్చున్న గదిలో రెండు పనులు జరుగుతాయి. ఒంటి వేడివల్ల గాలి వేడెక్కుతుంది. చెమట, ఊపిరివల్ల గాలిలో తేమ పెరుగుతుంది. కాబట్టి ఇంటి ఏ.సి. గాలిని చల్లబరచడంతోపాటు అందులోని నీటిని కూడా పిండుతుంది. గోడ వెనక గొట్టంలోంచి బొట్లు బొట్లుగా కారేవి ఆ నీళ్ళే. ఇంటి ఏ.సి. పనిలో సుమారు మూడోవంతు ఇలా నీళ్ళు పిండడానికే పోతుంది.

కంప్యూటరుకు చెమట లేదు, ఊపిరి లేదు. దాని గదిలో పుట్టేది వేడి ఒక్కటే. అక్కడ ఇంటి ఏ.సి. పెడితే ఉన్న కొద్దిపాటి తేమనూ పిండేస్తుంది. గాలి ఎండిపోతుంది. పొడిగాలిలో స్థిర విద్యుత్తు పుడుతుంది. పొడిజుట్టును ప్లాస్టిక్ దువ్వెనతో దువ్వినప్పుడు చిటపటమన్నది విన్నారు కదూ! మన చేతికి ఆ చురుకు తెలియాలంటే సుమారు 3,000 వోల్టులు కావాలి. కొన్ని సున్నితమైన ఎలక్ట్రానిక్ భాగాలు 100 వోల్టుల లోపే పాడైపోతాయి. అంటే మనకు తెలియకుండానే మన వేలు వాటిని చంపెయ్యవచ్చు! తేమ మరీ ఎక్కువైతే ఇంకో చిక్కు: లోహపు భాగాలు తుప్పు పడతాయి.

అందుకే వేడినీ తేమనూ రెండింటినీ హద్దులో ఉంచే యంత్రం కావాలి. దీన్నే ప్రిసిషన్ ఏ.సి. అంటారు. కంప్యూటరులోకి వెళ్ళే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే మంచిదని ఇంజనీర్లు నిర్ణయించారు.

ఒక వింత చెప్పనా? ఆధునిక ఏ.సి. మనుషుల సుఖం కోసం పుట్టలేదు. 1902లో విల్లిస్ కారియర్ అనే యువ ఇంజనీరు న్యూయార్కులోని ఒక అచ్చాఫీసు కోసం దాన్ని రూపొందించాడు. తేమకు కాగితం సాగి, అచ్చులో రంగు మీద రంగు సరిగా పడేది కాదు. ఆ తేమను అదుపు చెయ్యడమే అతని పని. తర్వాత 1965లో రాల్ఫ్ లీబెర్ట్ అనే అమెరికను కంప్యూటరు గదుల కోసమే ప్రత్యేకంగా ఏ.సి. యంత్రాలు తయారు చెయ్యడం మొదలుపెట్టాడు.

యంత్రం లోపల ఏముంది?

రంజనులో నీళ్ళు ఎందుకు చల్లబడతాయి? మట్టి రంధ్రాల్లోంచి బయటికి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి నీటి వేడిని తీసుకుపోతుంది. ఏ.సి.లోనూ ఇదే సూత్రం. మెకానిక్కులు 'గ్యాసు' అని పిలిచే పదార్థం ద్రవరూపంలో ఒక సన్నని ద్వారం గుండా చల్లని కాయిలులోకి దూకుతుంది. అక్కడ ఆవిరవుతూ గది గాలిలోని వేడిని పీల్చుకుంటుంది. రంజనులో నీటి ఆవిరి గాలిలో కలిసిపోతుంది. ఇక్కడ అలా పోనివ్వరు. కంప్రెసరు ఆ ఆవిరిని పట్టి గట్టిగా నొక్కుతుంది. నొక్కితే అది బాగా వేడెక్కుతుంది. బయట ఉన్న కండెన్సరులో ఆ వేడిని గాలికి వదిలి మళ్ళీ ద్రవమవుతుంది. ఈ చక్రం తిరుగుతూనే ఉంటుంది.

గది గాలి 24 డిగ్రీల వేడి, 50 శాతం తేమతో ఉందనుకోండి. ఆ గాలి సుమారు 13 డిగ్రీలకు చల్లబడితే అందులోని ఆవిరి నీటిబొట్లుగా మారుతుంది. ఇంటి ఏ.సి. కాయిలు అంతకంటే చల్లగా ఉంటుంది, అందుకే నీళ్ళు కారతాయి. ప్రిసిషన్ ఏ.సి.లో కాయిలు పెద్దది, పంకా బలమైనది. ఎక్కువ గాలిని కొద్దిగా మాత్రమే చల్లబరుస్తుంది. అందువల్ల తేమ గాలిలోనే మిగులుతుంది. అయినా గాలి ఎండిపోతే ఒక చిన్న డబ్బాలో నీళ్ళు మరిగించి ఆవిరి కలిపే ఏర్పాటు కూడా అందులో ఉంటుంది.

గాలికి దారి చూపాలి

చల్లగాలి పుట్టడమే చాలదు, అవసరమైన చోటికి చేరాలి. చాలా గదుల్లో నేలను రెండడుగుల దాకా ఎత్తి పలకలు పరుస్తారు. చల్లగాలి ఆ పలకల కింద ప్రవహించి, రంధ్రాలున్న పలకల్లోంచి కంప్యూటర్ల ముఖాల ముందు పైకి వస్తుంది. కంప్యూటరు దాన్ని పీల్చి వేడిగాలిని వెనకకు వదులుతుంది. అందుకే బీరువాలను ముఖానికి ముఖం, వీపుకు వీపుగా వరుసలు పెడతారు. ఒక సందు చల్లన, మరో సందు వెచ్చన! బీరువాలో ఖాళీ అరలుంటే వాటికి రేకు మూతలు బిగించాలి. లేకపోతే వెనకటి వేడిగాలి ఆ ఖాళీల్లోంచి ముందుకు దొంగదారిన వచ్చేస్తుంది.

నడిపేవాడి దినచర్య

ఇంత యంత్రమూ ఒక మనిషి శ్రద్ధ మీద ఆధారపడి ఉంటుంది. అతను ఏమేం చెయ్యాలి?

ప్రతి పూటా ఉష్ణోగ్రత, తేమ, గ్యాసు పీడనం పుస్తకంలో రాయాలి. ఒక్క రోజు అంకె ఏమీ చెప్పదు. కాని పది రోజుల అంకెలు వరుసగా చూస్తే జబ్బు ముందే తెలిసిపోతుంది.

ఫిల్టరు శుభ్రంగా ఉండాలి. అది మూసుకుపోతే కాయిలు మీదికి గాలి చాలదు. కాయిలు మరీ చల్లబడి మంచు పడుతుంది. మంచు గాలిని ఇంకా ఆపుతుంది. అలా మంచు పేరుకున్నకొద్దీ గది వేడెక్కుతుంది!

శివరాత్రికి చలి "శివ శివా" అంటూ పోతుందంటారు. ఆ వెంటనే బయటి కండెన్సరును కడగాలి. కోతల నూగు, దారి దుమ్ము దాని రేకుల మధ్య చేరితే వేడి బయటికి పోదు. గ్యాసు పీడనం పెరిగిపోతుంది. అప్పుడు కంప్రెసరు తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. సరిగ్గా ఎండ మండే రోజున, మనకు అది ఎక్కువ అవసరమైన రోజున!

ఆవిరి డబ్బానూ చూస్తుండాలి. బోరునీళ్ళు కాచే కాగు అడుగున తెల్లటి పొర చూశారు కదూ? ఆ లవణాలే ఈ డబ్బాలోనూ పేరుకుంటాయి. మృగశిర రాకముందే నీళ్ళుపోయే గొట్టాన్ని పరీక్షించాలి. వానాకాలం తేమగాలిలో ఆ గొట్టం మూసుకుంటే నీరు నేలపలకల కింద, విద్యుత్తు తీగల మధ్య చేరుతుంది.

ఒక యంత్రం చాలే చోట రెండు పెట్టాలి. వాటిని వంతులవారీగా నడపాలి. మూలన పడి ఉన్న యంత్రం పిలిచినప్పుడు పలుకుతుందన్న నమ్మకం లేదు. రెండూ కలిసి నడిచేటప్పుడు రెండింటికీ ఒకే కొలత పెట్టాలి. లేకపోతే ఒకటి తేమ కలుపుతుంటే రెండోది పిండుతుంటుంది!

ఒక లెక్క చేద్దాం

కరెంటు పోయింది. బ్యాటరీలవల్ల కంప్యూటర్లు నడుస్తూనే ఉన్నాయి. కాని ఏ.సి.ని చాలాచోట్ల బ్యాటరీకి కలపరు. ఏమవుతుంది?

గది 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. అంటే 60 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు గాలి సుమారు 1.2 కిలోలు. మొత్తం గాలి 72 కిలోలు. ఒక కిలో గాలి ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 1 కిలోజౌలు కావాలి. కాబట్టి 72 కిలోజౌళ్ళు చేరితే గది గాలి ఒక డిగ్రీ వేడెక్కుతుంది. పది కిలోవాట్ల కంప్యూటర్లు సెకనుకు 10 కిలోజౌళ్ళ వేడి వదులుతాయి. అంటే 7.2 సెకన్లకు ఒక డిగ్రీ! 24 నుంచి 34 డిగ్రీలకు చేరడానికి 72 సెకన్లు చాలు. గోడలు, ఇనుప బీరువాలు కొంత వేడిని పీల్చుకుంటాయి కాబట్టి నిజానికి ఇంకాస్త సమయం దొరుకుతుంది. అయినా అది నిమిషాల వ్యవహారమే.

అందుకే నడిపేవాడు ముందుగానే సిద్ధంగా ఉంటాడు. జనరేటరు అందుకొని ఏ.సి. మొదలవుతుందేమో చూస్తాడు. కాకపోతే రెండో యంత్రాన్ని నడుపుతాడు. అదీ పలకకపోతే అంతగా అవసరం లేని కంప్యూటర్లను ఒక్కొక్కటిగా పద్ధతిగా ఆపుతాడు. వేడికి తమంతట తాము ఆగిపోతే సగంలో ఉన్న పని చెదిరిపోతుంది. ముఖ్యమైన వాటిని ఆఖరున ఆపుతాడు.

మీరే చేసి చూడండి

రెండు ఉష్ణమాపకాలు తీసుకోండి. ఒకదాని బల్బుకు తడిగుడ్డ చుట్టండి. రెండింటినీ నీడలో గాలి తగిలేలా వేలాడదీసి పది నిమిషాల తర్వాత చూడండి. వేసవిలో పొడిది 40, తడిది 22 చూపిస్తే గాలిలో తేమ సుమారు 20 శాతం. వానాకాలంలో పొడిది 27, తడిది 25 చూపిస్తే సుమారు 85 శాతం. నెల రోజులు రోజూ ఒకే వేళకు రాసి పెట్టండి. కంప్యూటరు గది కాపరి చేసే పనే మీరూ చేసినట్లు!

ఆలోచించండి

1. పైన చెప్పిన గదిలో 5 కిలోవాట్ల కంప్యూటర్లే ఉంటే పది డిగ్రీలు వేడెక్కడానికి ఎన్ని సెకన్లు పడుతుంది?

2. గ్యాసు కొద్దిగా కారిపోయిన ఏ.సి. కాయిలు మీద కూడా మంచు పడుతుంది. పీడనం తగ్గితే ద్రవం మరిగే ఉష్ణోగ్రత ఏమవుతుందో గుర్తు తెచ్చుకొని కారణం చెప్పండి.

3. కండెన్సరుకు ఎండ తగలకుండా నాలుగువైపులా తడికలు కట్టారు. మేలా, కీడా? ఎందుకు?