పేరు తర్వాత మారుస్తామంటే?

ప్రశ్న: విజయవాడలో ఒక డీలర్ దగ్గర 2019 మోడల్ స్విఫ్ట్ చూశాను. తెలంగాణ రిజిస్ట్రేషన్. ‘అడ్వాన్స్ ఇవ్వండి, పేరు తర్వాత మారుస్తాం’ అంటున్నారు. ఇవ్వొచ్చా?
– ఒక పాఠకుడు, గుడివాడ

జవాబు: ఇప్పుడే ఇవ్వకండి. ముందు ఆర్‌సీ చూడండి. అందులో ఫైనాన్స్ కంపెనీ పేరుంటే లోన్ తీరినట్టు ఎన్‌ఓసీ, ఫారం 35 అడగండి. పక్క రాష్ట్రం బండి కాబట్టి అక్కడి రవాణా శాఖ ఎన్‌ఓసీ (ఫారం 28) కూడా కావాలి. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. చాలామంది మరిచిపోయే ఖర్చు ఇదే! అది ఎవరు కడతారో కాగితం మీద రాయించుకోండి. పెండింగ్ చలాన్లు బండి నంబరుతో ఆన్‌లైన్‌లో తెలిసిపోతాయి.

బండి విషయానికొస్తే, 2024 సెప్టెంబరులో ఇక్కడ బుడమేరు, ఖమ్మంలో మున్నేరు పొంగి చాలా కార్లు మునిగాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. బయట ఎంత కడిగినా లోపలి భాగంలో బురద మరక ఉండిపోతుంది. స్టెప్నీ గుంట, సీటు కింది బోల్టుల తుప్పు కూడా చూడండి. లోపల సెంటు వాసన గుప్పుమంటే నాకైతే అనుమానమే.

ఉదయం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మీ మెకానిక్‌తో స్టార్ట్ చేయించండి. డీలర్ ఒప్పుకోకపోతే ఆ బండి వదిలేయండి.

కొన్నాక 14 రోజుల్లోగా ఇన్సూరెన్స్ మీ పేరుకు మార్పించమని దరఖాస్తు చేయండి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు.