మొదటిది ఆడేశాడు కదా, రెండోది కొనిస్తే ఏం?



పోయిన నెల పేరెంట్స్ మీటింగులో తొమ్మిదో తరగతి అబ్బాయి నాన్నగారు ఒకరు మార్కుల షీటు మడిచి జేబులో పెట్టుకున్నాక కూడా కుర్చీలోంచి లేవలేదు. "సార్, మార్కుల సంగతి కాదు. దసరాకి మావాడికి ఒక షూటింగ్ గేమ్ కొనిచ్చాను. ఇప్పుడు దాని పార్ట్ 2 కావాలని ప్రాణం తీస్తున్నాడు. మొదటిది ఎలాగూ ఆడేశాడు కదా, రెండోది కొనిస్తే ఏం?" అన్నారు.

గేమ్ పేరు అడిగాను. 'కాల్ ఆఫ్ డ్యూటీ 4: మోడర్న్ వార్‌ఫేర్'. 2007లో వచ్చింది. అబ్బాయి అడుగుతున్నది 2009 నాటి 'మోడర్న్ వార్‌ఫేర్ 2'. ఇంత పాత గేములు ఇంకా ఎవరు ఆడతారు అనుకోకండి. కొత్త గేములను మోయలేని ఇంట్లోని పాత కంప్యూటర్లో ఇవి చక్కగా నడుస్తాయి. పైగా మొదటిదాన్ని 2016లో, రెండోదాని కథను 2020లో కొత్త హంగులతో మళ్ళీ విడుదల చేశారు.

వెనక ఇంకా పదిమంది తల్లిదండ్రులు వరుసలో ఉన్నారు. ఆయనకి అక్కడ సరైన జవాబు చెప్పలేకపోయాను. కంప్యూటర్ టీచరుగా ఈ రెండు గేములూ పూర్తిగా ఆడినవాణ్ణి కాబట్టి ఆ జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఒక మాట ముందే చెప్పాలి. అమెరికా రేటింగ్ సంస్థ ఈ రెండిటికీ 'ఎం' అనే గుర్తే ఇచ్చింది. అంటే 17 ఏళ్ళు నిండినవారికి అని. కాబట్టి తొమ్మిదో తరగతికి మొదటిది మంచిది, రెండోది చెడ్డది అని తేల్చడం నా ఉద్దేశం కాదు. డబ్బా మీద ఒకే అక్షరం ఉన్న రెండు గేములు లోపల ఎంత వేరుగా ఉండగలవో మీకు చూపించాలనుకుంటున్నాను.

ఎవరి కళ్ళతో చూస్తున్నాం?

వీటిని ఫస్ట్ పర్సన్ షూటర్లు అంటారు. తెర మీద తుపాకీ కనిపిస్తుంది, దాన్ని పట్టుకున్న చేతులు కనిపిస్తాయి. మనిషి కనిపించడు. ఆ మనిషి మీ అబ్బాయే కాబట్టి. అమ్మాయిలు ఆడరనుకోకండి, మా స్కూల్లో ఆడేవాళ్ళు ఉన్నారు. సినిమాలో హీరో కాలుస్తుంటే మనం పక్కనుంచి చూస్తాం. ఇక్కడ చూసేవాడూ కాల్చేవాడూ ఒకడే. అందుకని ఇలాంటి గేములో ఎంత రక్తం ఉంది అన్నదానికంటే ముందు, పిల్లవాణ్ణి ఎవరి కళ్ళ వెనక నిలబెడుతున్నారు అన్నది చూడాలి.

మొదటి గేమ్ ఈ విషయంలో ఆశ్చర్యపరుస్తుంది. కథ మొదలైన కాసేపటికే మనం పేరు చెప్పని ఒక పశ్చిమాసియా దేశపు అధ్యక్షుడిగా మారిపోతాం. తిరుగుబాటుదారులు మనల్ని కారులో పడేసి ఊరంతా తిప్పుతారు. కిటికీలోంచి వీధుల్లో జనాన్ని కాల్చడం కనిపిస్తుంటుంది. మన చేతిలో తుపాకీ లేదు. తల అటూ ఇటూ తిప్పడం తప్ప ఏ బటన్ నొక్కినా ఏమీ జరగదు. చివరికి మనల్ని స్తంభానికి కట్టి కాల్చేస్తారు. కాల్పుల గేమ్ అని కొనుక్కున్న పిల్లవాడికి ముందుగా తెలిసేది, తుపాకీ అవతలి వైపు నిలబడితే ఎలా ఉంటుందో.

కథ మధ్యలో దీనికంటే బరువైన ఘట్టం ఒకటి ఉంది. జాక్సన్ అనే అమెరికా సైనికుడిగా ఆడుతుంటాం. కూలిన హెలికాప్టర్ పైలట్‌ని కాపాడి తిరిగి వెళ్తుండగా నగరంలో అణుబాంబు పేలుతుంది. మన హెలికాప్టర్ కూడా కూలిపోతుంది. తర్వాత కళ్ళు తెరిస్తే జాక్సన్ బతికే ఉంటాడు. బటన్ నొక్కితే పాకుతాడు, తూలుతూ నాలుగడుగులు వేస్తాడు. చుట్టూ శిథిలాలు, ఎదురుగా ఆకాశంలో పుట్టగొడుగులా లేచిన పొగ. అక్కడ చంపడానికి ఎవరూ లేరు, గెలవడానికి ఏమీ లేదు. కాసేపటికి పడి చనిపోతాడు. గేమ్ అంటే ఎప్పుడైనా మళ్ళీ బతకొచ్చు అని అలవాటుపడిన పిల్లలు ఇక్కడ మౌనంగా అయిపోవడం నేను చూశాను.

అలాగని మొదటి గేమ్ శాంతి పాఠం కాదు. అందులోనే మరో లెవెల్లో విమానంలో కూర్చుని నలుపు తెలుపు తెర మీద కిందనున్న మనుషుల్ని కాల్చాలి. వాళ్ళు తెల్లటి చుక్కల్లా కనిపిస్తారు, ముఖాలుండవు. విమాన సిబ్బంది ఆఫీసులో పని చేసుకుంటున్నంత నింపాదిగా మాట్లాడుకుంటారు. నా మటుకు ఆ గేములో అన్నిటికంటే భయం వేసేది అక్కడే, ఏ భయమూ వేయదు కాబట్టి.

విమానాశ్రయం

ఇక రెండోది. గేముగా చూస్తే ఇదే మెరుగు. కజకిస్థాన్ మంచు కొండను గొడ్డళ్ళతో ఎక్కే లెవెల్ లాంటివి ఇప్పటికీ ఊపిరి బిగబట్టి ఆడిస్తాయి. ఇద్దరు కలిసి ఒకే తెర మీద ఆడే మిషన్లు కూడా చేర్చారు. ఉత్తర అమెరికా, బ్రిటన్‌లలో మొదటి 24 గంటల్లో సుమారు 47 లక్షల కాపీలు అమ్ముడయ్యాయంటే ఊరికే కాదు.

కానీ అందులో 'నో రష్యన్' అనే లెవెల్ ఉంది. మనం మకరోవ్ అనే ఉగ్రవాది ముఠాలో దొంగతనంగా చేరిన అమెరికా గూఢచారి. లిఫ్టు తలుపులు తెరుచుకుంటాయి. ఎదురుగా మాస్కో విమానాశ్రయంలో తనిఖీ కోసం వరుసలో నిలబడిన ప్రయాణికులు, చేతుల్లో సంచులు, సూట్‌కేసులు. ముఠా కాల్పులు మొదలుపెడుతుంది. మన చేతిలోనూ మెషిన్ గన్ ఉంటుంది. ఎవరూ రష్యన్ భాష మాట్లాడకూడదన్నది మకరోవ్ ఆజ్ఞ, నేరం అమెరికా మీదికి పోవడానికి. లెవెల్ పేరు అందులోంచి వచ్చిందే.

ఈ గేమ్ విడుదలైంది 2009 నవంబరు 10న. ముంబయి సీఎస్టీ స్టేషన్లో రైళ్ళ కోసం కూర్చున్న ప్రయాణికుల మీద కాల్పులు జరిగి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. ఆ రాత్రి టీవీ ముందు కూర్చున్న మన తరానికి ఆ లెవెల్ చూస్తే ఏం గుర్తొస్తుందో చెప్పక్కర్లేదు. మన పిల్లలకి ఆ జ్ఞాపకం లేదు.

తయారుచేసినవాళ్ళ పక్షం కూడా చెప్పాలి. గేమ్ మొదట్లోనే ఇందులో మనసు కలచివేసే దృశ్యం ఉంది, వద్దనుకుంటే దాటవేయవచ్చు అని అడుగుతారు. దాటవేస్తే నష్టమేమీ ఉండదు. ఆడినా ప్రయాణికుల మీద ఒక్క గుండు కూడా పేల్చకుండా ముఠాతోపాటు నడవవచ్చు. చివర్లో మకరోవ్ మనల్ని కూడా చంపేస్తాడు. క్రూరత్వం ఎలా ఉంటుందో లోపలినుంచి చూపించాలన్నది ఉద్దేశం అయి ఉండవచ్చు. అయినా రష్యాలో అమ్మిన కాపీల్లో ఆ లెవెలే లేదు. జపాన్, జర్మనీ కాపీల్లో ప్రయాణికుణ్ణి కాలిస్తే మిషన్ అక్కడితో విఫలమయ్యేలా మార్చారు. బ్రిటన్ పార్లమెంటులో ఈ గేమ్ ప్రస్తావన వచ్చింది.

నా అభ్యంతరం వేరు. అంత పని చేయించాక దాని గురించి ఆలోచించుకోవడానికి కథ ఒక్క నిమిషం కూడా ఇవ్వదు. వెంటనే బ్రెజిల్‌లో రియో మురికివాడల్లో పరుగులు మొదలవుతాయి. ఆలోచించుకునే పని ఇంట్లో ఎవరో ఒకరితో జరగాలి, లేకపోతే జరగదు.

ఇది ఊహించి రాయడం లేదు. పదో తరగతి పిల్లవాడొకడు ల్యాబ్ అయ్యాక నాతో అన్నాడు, ఆ లెవెల్లో తాను ఎవరినీ కాల్చలేదని. "కానీ వాళ్ళతోపాటే నడిచాను సార్. అది తప్పేనా?" అని అడిగాడు. పెద్దవాళ్ళకే తేలని ప్రశ్న అది. ఇంట్లో అడగలేదా అన్నాను. "అడిగితే కంప్యూటర్ తీసేస్తారు సార్" అన్నాడు. ఆ గేములో నన్ను కలవరపెట్టినదానికంటే ఈ జవాబు ఎక్కువ కలవరపెట్టింది.

అదే బాంబు, ఈసారి బహుమతిగా

రెండు గేముల తేడా విమానాశ్రయంలోనే ఉందనుకుంటే అసలుది వదిలేసినట్టే. పిల్లలు ఎక్కువ గంటలు గడిపేది కథలో కాదు, ఆన్‌లైన్లో ఇతరులతో ఆడే పోటీల్లో. మొదటి గేములో చావకుండా వరుసగా ముగ్గురిని చంపితే శత్రువులు ఎక్కడున్నారో చూపించే రాడార్ వస్తుంది. ఐదుగురికి విమాన దాడి, ఏడుగురికి హెలికాప్టర్. అక్కడితో సరి.

రెండో గేములో ఈ జాబితా పొడవైంది. 25 మందిని చంపితే వచ్చేది అణుబాంబు. అది వేస్తే అంకెలు లెక్కపెడుతూ వచ్చి తెర తెల్లబడిపోతుంది, అందరూ చనిపోతారు, వేసినవాడి జట్టు గెలుస్తుంది. జాక్సన్ దేన్ని చూస్తూ పాకుతూ చనిపోయాడో అదే బాంబు, రెండేళ్ళ తర్వాత, బాగా ఆడినందుకు ఇచ్చే ప్రైజు అయింది. దీనిమీద పెద్దగా గొడవ జరగలేదు. విమానాశ్రయం లెవెల్ ఒకసారి ఆడి వదిలేస్తారు. 25 చేరాలన్న ఆశతో మాత్రం నెలల తరబడి, రాత్రి పదకొండు దాటినా, మర్నాడు వీకెండ్ టెస్టు ఉన్నా ఆడతారు.

సినిమాకి పార్ట్ 2 వస్తే సెన్సార్ బోర్డు వాళ్ళు దాన్ని మళ్ళీ మొదటినుంచి చూసి కొత్త సర్టిఫికెట్ ఇస్తారు. పార్ట్ 1 సర్టిఫికెట్ దానికి చెల్లదు. ఇంట్లో గేములకి సెన్సార్ బోర్డు మీరే.

ఇవి ఆడితే పిల్లలు హింసకు దిగుతారా అని చాలామంది అడుగుతారు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో తన పాత ప్రకటనను సవరిస్తూ, అరవడం, తోసేయడం లాంటి దుడుకుతనంతో వీటికి చిన్నపాటి సంబంధం కనిపిస్తోందనీ, నిజమైన హింసకు ఇవే కారణమని చెప్పడానికి మాత్రం తగిన ఆధారం లేదనీ అంది. కాబట్టి గేమ్ ఆడుతున్న పిల్లవాణ్ణి నేరస్తుణ్ణి చూసినట్టు చూడకండి. నిద్ర, చదువు, స్నేహాలు పాడైపోతున్నా ఏడాదిపాటు ఆట మానలేకపోతే అది వేరే సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని గేమింగ్ డిజార్డర్‌గా గుర్తించింది. అలా అనిపిస్తే డాక్టరుకి చూపించండి.

కొనేముందు ఒక ఆదివారం ఆ గేమ్ ఆడుతున్న వీడియో ఒక అరగంట మీ పిల్లలతో కలిసి చూడండి. చూస్తూ అడగండి. ఇక్కడ నువ్వెవరివి? చస్తున్నది ఎవరు? చంపితే నీకేం ఇస్తున్నారు? పాఠం అప్పగించమన్నట్టు కాకుండా, తెలియక అడిగినట్టే అడగండి, నిజంగానే మనకి తెలియదు కదా. పేర్లతో కూడా జాగ్రత్త. 2019లో 'మోడర్న్ వార్‌ఫేర్' అనే పేరుతోనే, 2022లో రోమన్ అంకెతో 'మోడర్న్ వార్‌ఫేర్ 2' అని మళ్ళీ రెండు గేములు వచ్చాయి. వాటి కథలు వేరు. షాపులోనో ఆన్‌లైన్లోనో పేరు మాత్రమే చూసి కొంటే ఏది ఇంటికొస్తుందో చెప్పలేం. ఆన్‌లైన్లో ఆడనిస్తే వాయిస్ చాట్ ఆపేయండి. అవతల మాట్లాడేది ఎవరో, ఏ వయసువారో తెలియదు.

ఆ నాన్నగారికి ఇదంతా ఫోన్లో చెప్పాను. రెండు వారాల తర్వాత ఆయనే ఫోన్ చేశారు. వీడియో చూశారట, విమానాశ్రయం లెవెల్ మధ్యలో తానే ఆపమన్నారట. తర్వాత అబ్బాయి పట్టుబట్టి మొదటి గేములో ఈయన్ని కూర్చోబెట్టాడు. మొదట్లో శిక్షణ ఉంటుంది, బల్ల మీద పుచ్చకాయని కత్తితో పొడవమంటారు. ఈయనకి మౌస్ ఒకవైపు, చూపు ఒకవైపు. "ఆ పుచ్చకాయ దగ్గరే పది నిమిషాలు పట్టింది సార్, మావాడు కింద పడి నవ్వాడు" అన్నారు.

మరి పార్ట్ 2 సంగతి?

"ఇంటర్ అయ్యాక చూద్దాం అన్నాను. టెన్త్ అయ్యాక అంటున్నాడు. బేరం ఇంకా నడుస్తోంది."