తంగేడు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: గుడియాత్తము చెంత మాకొక రాతిమెట్ట కలదు. నిరుడు తంగేటిగింజలు చల్లితిమి గాని పదింట నొకటియైనను మొలవలేదు. కారణమేమి? - ఒక రైతు

జవాబు: దోషము నేలది కాదు, గింజ పెంకుది. గట్టి పెంకుగల యా విత్తు నీటిని లోనికి రానీయదు గనుక, గరుకైన యిసుకతో గింజలను బాగుగా నలిచి, కాగిన నీరు పోసి, అది చల్లారినపిమ్మట రాత్రియంతయు నాననిచ్చి, ఉబ్బినవానిని మాత్రమే యేరి, ఆషాఢపు వానపదునులో రెండు మూరల యెడముగా పొలముననే విత్తుడు. తల్లివేరు లోతుగా దిగు మొక్క యగుటచే నారు పోసి నాటుట మంచిది కాదు. మొదటియేడు కలుపు తీసిన చాలును. పిమ్మట అది ఎరువు నడుగదు, పశువులును దానిని అంతగా ముట్టవు. కోసినకొలదియు మోడునుండి చిగిర్చును గావున ఆ రొట్టను వరిమడిలో త్రొక్కింపవచ్చును.

ప్రశ్న: మా తాతగారి కాలమున తోళ్ల కార్ఖానాలకు తంగేటిచెక్క బండ్లమీద వచ్చెడిదట. మరల ఆ పద్ధతికి పోయినచో కార్ఖానాల మురుగుతో చెడిన పాలారు నది బాగుపడునా? - ఒక విద్యార్థి, వేలూరు

జవాబు: మీరు వినిన మాట నిజమే. ఎండిన తంగేటిచెక్కలో సుమారు అయిదవపాలు టానిన్ అను కషాయద్రవ్య ముండుటచే, పేర్ణాంబట్టు, ఆంబూరు, వాణియంబాడి, రాణిపేటలలోనివారు తోళ్లను వారములతరబడి ఆ రసపు తొట్లలో నానవైచి, పదునుపట్టిన తోలు వెలుతురునకు ఎఱ్ఱబాఱకుండ తుదకు కరక్కాయనీట ముంచి, లండనునకు ఎగుమతి చేసెడివారు. దక్షిణాఫ్రికానుండి వాటిల్ చెక్క దిగుమతి యగుటయు, 20వ శతాబ్ది తొలినాళ్లలో ఛాటర్టన్ దొర మద్రాసున తోళ్లను క్రోముతో పదునుచేయు పద్ధతిని ప్రవేశపెట్టుటయు తంగేటి గిరాకిని తగ్గించినవి.

పాలారు మాట వేఱు. నదిని చెఱచినది క్రోము ఒక్కటియే కాదు. పచ్చితోళ్లు కుళ్లకుండ రాచెడి యుప్పు చెక్కపద్ధతిలోను తప్పదు, చెక్కరసపు నల్లనీరును నదిలోని ప్రాణవాయువును హరించునదే. కావున ఏ పద్ధతి నవలంబించినను మురుగును శుద్ధిచేయక విడువరాదు; వేలూరు పౌరుల వ్యాజ్యమున 1996 ఆగస్టులో సుప్రీంకోర్టు పట్టుపట్టినదియు దీనికే.

ప్రశ్న: మావారికి మధుమేహము. ఆవారంపూల (తంగేటిపూల) కషాయము త్రాగుచు మాత్రలు మానవచ్చునని యిరుగుపొరుగువా రనుచున్నారు. మానవచ్చునా? - ఒక గృహిణి, వేలూరు

జవాబు: మానరాదమ్మా. ఆవారము పూచియుండగా చావు నెవరైన చూచిరా యని అరవవారికి సామెత కలదు. సిద్ధవైద్యమున దాని పువ్వు, ఆకు, చెక్క, వేరు, కాయ అయిదును ఔషధములే. ఎలుకలపై జరిపిన పరీక్షలలో పూల రసము రక్తములోని చక్కెరను తగ్గించినమాటయు సత్యమే. కాని మాత్రలతో కలిపి త్రాగినచో చక్కెర మితిమీఱి పడిపోయి చెమటలు పట్టి కండ్లు తిరుగవచ్చును. మాత్రలు మాని దీనినే నమ్ముకొనినచో రోగము లోలోపల ముదురవచ్చును. సింహళమున జరిగిన పరీక్షలలో కాలేయమునకు కీడుచేయు ద్రవ్యములు కూడ ఇందు కనబడినవి గావున వైద్యునితో చెప్పక అలవాటు చేయకుడు. స్నానమున కైతే శంక వలదు. పూలను నీడన ఎండబెట్టి పెసలతో కలిపి పిండి విసరి నలుగు పెట్టుకొనుడు.

ప్రశ్న: తెలంగాణనుండి గుడియాత్తమునకు కోడలినై వచ్చితిని. ఇచట భోగికి వేపరెమ్మలతో చేర్చి యింటికి కట్టు ఆవారంపువ్వును మా బతుకమ్మ తంగేడును ఒక్కటియేనా? బాటప్రక్క చెట్లకును అట్టి పసుపుపూలే కానవచ్చుచున్నవి.

జవాబు: ఒక్కటియే తల్లీ. బాటప్రక్కది సీమతంగేడు, అది వృక్షము, ఇది పొద. సందేహము కలిగినచో ఆకుకాడ మొదట చూడుడు: చెవి యాకారముగల గుండ్రని చిట్టాకులు రెండు కొమ్మ నంటియుండిన అది తంగేడే. బతుకమ్మకు కొమ్మలు విఱువక పూలగుత్తులు మాత్రమే కోసికొనినచో, ఆ పొదయే మీకు భోగికిని పూలిచ్చును.